మీటరు సున్నా చూశారా?

గుంటూరుకు దగ్గరలో ఒక పల్లె. ఆ పల్లెలో లక్ష్మమ్మ, రమణమ్మ, మస్తానమ్మ, సుభద్ర, కోటమ్మ ఉన్నారు. ఐదుగురూ ఒకే పొదుపు సంఘంలో సభ్యులు. కూరగాయలు పండిస్తారు. తెల్లవారకముందే గుంటూరు రైతు బజారుకు తీసుకుపోయి అమ్ముతారు.

వాళ్ళు శ్రీను బండిలో వెళతారు. అది ఏడు సీట్ల డీజిలు బండి. కిరాయి వేరు, డీజిలు వేరు. రెండు రోజులకు 500 రూపాయల డీజిలు పడుతుంది. ఐదుగురూ తలా 100 రూపాయలు వేసుకుంటారు. ఆ లెక్క లక్ష్మమ్మ రాస్తుంది. లక్ష్మమ్మ అక్షర కేంద్రంలో చదువు నేర్చుకుంది. సంఘం పుస్తకం ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంది.

కొన్నాళ్ళుగా ఒక చిక్కు వచ్చింది. రెండు రోజులు రావలసిన డీజిలు రావడం లేదు. ఒకరోజు దారి మధ్యలోనే బండి ఆగిపోయింది. డీజిలు అయిపోయింది. మెకానిక్కు వచ్చి బాగుచేసేసరికి ఎండెక్కింది. తోటకూర వాడిపోయింది. ఆ రోజు సగం ధరకే అమ్ముకున్నారు.

"ఏం తమ్ముడూ, నిన్ననే గదా కొట్టించావు? అప్పుడే అయిపోయిందా?" అని అడిగింది రమణమ్మ.

"ఏం చెయ్యనక్కా, బండి పాతబడింది. ఎక్కువ తాగుతోంది" అన్నాడు శ్రీను.

రమణమ్మకు నమ్మకం కలగలేదు. "తాగేది బండో, శ్రీనునో!" అంది చాటుగా. మస్తానమ్మ కూడా అవునంది. వేరే బండి మాట్లాడుకుందాం అన్నారు. శ్రీను ఆ ఊరి పిల్లవాడే. ఆ బండి మీదే అతని ఇల్లు గడుస్తుంది.

లక్ష్మమ్మ ఆలోచించింది. "చూడకుండా ఒకరిని అనగూడదు. ఈసారి డీజిలు కొట్టించేటప్పుడు నేను దిగి చూస్తాను" అంది.

బంకులో ఏం జరిగింది?

మరునాడు బండి బంకులోకి వెళ్ళింది. శ్రీను సీటులోంచి దిగలేదు. చెవి దగ్గర ఫోను ఉంది. బండి ఇంజను ఆపలేదు. కిటికీలోంచి 500 నోటు చాపి, "ఐదొందలకు కొట్టు" అన్నాడు. మళ్ళీ ఫోనులో మాటల్లో పడ్డాడు.

లక్ష్మమ్మ దిగి పంపు ముందు నిలబడింది. పంపు మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అంకెలు మాత్రం ఆమె నేర్చుకున్నవే. మూడు వరుసల్లో అంకెలు కనిపించాయి. ఒక వరుస సొమ్ము. ఒక వరుస లీటర్లు. ఒక వరుస లీటరు ధర. సొమ్ము వరుసలో, లీటర్ల వరుసలో సున్నాలు ఉన్నాయి.

కుర్రాడు గన్ను పెట్టాడు. అంకెలు తిరిగాయి. 100 దగ్గర ఆగిపోయాయి.

"వందే గదా అన్నారు?" అన్నాడు కుర్రాడు.

"కాదయ్యా, ఐదొందలు" అన్నాడు శ్రీను, ఫోను దించకుండానే.

"సరే, మిగతా నాలుగొందలు కొడతా" అన్నాడు కుర్రాడు. మళ్ళీ గన్ను నొక్కాడు. అంకెలు 100 నుంచే కదిలాయి. 200, 300, 400. అక్కడ ఆగాయి.

"అయిపోయింది. మొత్తం ఐదొందలు" అన్నాడు కుర్రాడు. శ్రీను తల ఊపాడు.

లక్ష్మమ్మ గుండె దడదడలాడింది. వెనుక బండ్లు బారుతీరి ఉన్నాయి. అందరూ మగవాళ్ళే. హారన్లు కొడుతున్నారు. అడిగితే ఏమంటారో? తన లెక్క తప్పయితే నవ్వుతారేమో? ఆమె మీటరును ఇంకోసారి చూసింది. నాలుగు, సున్నా, సున్నా. అది నాలుగు వందలే.

"అబ్బాయ్, మీటరు సున్నాకు రాలేదు. వంద మీదనే కొట్టావు. ఇదిగో, నాలుగొందలే ఉంది. మాకు ఇంకో వంద రావాలి" అంది.

కుర్రాడు తడబడ్డాడు. లోపలి నుంచి మేనేజరు వచ్చాడు. మీటరు చూశాడు. "పొరపాటు జరిగిందమ్మా" అన్నాడు.

"పొరపాటో, కాదో మాకు తెలీదు. మా డీజిలు మాకు పోయించండి" అంది లక్ష్మమ్మ.

మీటరును సున్నాకు తెచ్చి ఇంకో 100 రూపాయల డీజిలు పోశారు. లక్ష్మమ్మ బిల్లు అడిగి తీసుకుంది. శ్రీను ఫోను జేబులో పెట్టుకున్నాడు. అతని ముఖం చిన్నబోయింది.

"ఎన్నిసార్లు ఇట్టా జరిగిందో అక్కా! నేను ఒక్కనాడూ మీటరు చూడలేదు" అన్నాడు.

రమణమ్మ తల వంచుకుంది. "నిన్ను అనుమానించాను తమ్ముడూ. ఏమనుకోకు" అంది.

లెక్క చూద్దాం

సులువుగా ఉండాలని లీటరు ధర 100 రూపాయలు అనుకుందాం. 500 రూపాయలకు 5 లీటర్లు రావాలి. కుర్రాడు మొదట 100 రూపాయలకు కొట్టాడు. అంటే 1 లీటరు. తరువాత మీటరు 100 నుంచి 400 వరకు తిరిగింది. అంటే 300 రూపాయలకు 3 లీటర్లు. 1 లీటరు, 3 లీటర్లు కలిపితే 4 లీటర్లు. ఒక లీటరు తగ్గింది. 100 రూపాయలు నష్టం. ఐదుగురికి పంచితే తలా 20 రూపాయలు.

అదే మీటరు మధ్యలో సున్నాకు వచ్చి ఉంటే ఏమయ్యేది? మొదటి 100, తరువాత 400, మొత్తం 500 సరిపోయేది. తేడా అంతా ఆ సున్నాలోనే ఉంది.

లీటర్ల వరుసలో చుక్క ఉంటుంది. చుక్కకు ముందున్నవి నిండు లీటర్లు. చుక్క తరువాతవి లీటరులో భాగాలు. 2.50 అంటే రెండున్నర లీటర్లు. రూపాయలు, పైసలు రాసినట్లే ఇదీ రాస్తారు.

ధర మారుతుంటుంది

పెట్రోలు, డీజిలు ధరలను ఏ రోజుకారోజు సవరించే పద్ధతి దేశమంతటా 2017 జూన్ 16న మొదలైంది. ధర అన్ని ఊళ్ళలో ఒకటిగా ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ధర, తెలంగాణలో ఒక ధర ఉంటుంది. ఏ రాష్ట్రం వేసే పన్ను ఆ రాష్ట్రానిది. అందుకే ఆనాటి ధరను బంకులో రాసి పెడతారు. ముందు ఆ ధర చూడాలి. పంపు మీద ధర, బోర్డు మీద ధర ఒకటేనా అని సరిపోల్చుకోవాలి.

అనుమానం వస్తే ఏం చేయాలి?

బంకువాళ్ళంతా మోసగాళ్ళు కారు. గన్ను పట్టుకునే కుర్రాళ్ళు రోజంతా ఎండలో నిలబడి పనిచేస్తారు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అయినా మన సొమ్ముకు లెక్క అడిగే హక్కు మనకు ఉంది.

ప్రతి బంకులో 5 లీటర్ల కొలత పాత్ర ఉండాలి. దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. కొలత తక్కువ వస్తోందని అనిపిస్తే, ఆ పాత్రలో పోసి చూపించమని అడగవచ్చు. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్ల తేడా వరకు ఒప్పుకుంటారు. అంటే సుమారు ఐదు చిన్న చెంచాలు. అంతకన్నా తగ్గితే తప్పే.

పెట్రోలులో కల్తీ అనుమానం ఉంటే వడపోత కాగితం అడగాలి. దాని మీద ఒక చుక్క పెట్రోలు వేయాలి. మంచి పెట్రోలు రెండు నిమిషాల్లో ఆవిరైపోతుంది. మరక మిగలదు. మరక మిగిలితే అనుమానించాలి.

బంకులో ఫిర్యాదుల పుస్తకం ఉంటుంది. అడిగి తీసుకుని మనమే రాయవచ్చు. తేదీ, సమయం, పంపు నంబరు రాయాలి. బిల్లు దాచుకోవాలి. వినియోగదారుల సహాయం కోసం 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. బంకులో తాగేనీళ్ళు, టైర్లకు గాలి, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలి. దూరం పోయే ఆడవాళ్ళు ఇది తెలుసుకుని ఉండాలి.

డబ్బు పోతే వస్తుంది, ప్రాణం పోతే?

ఆ రోజు శ్రీను ఇంకో తప్పు కూడా చేశాడు. గుర్తుందా? ఇంజను ఆపలేదు. బంకులో ఇది పెద్ద తప్పు.

పెట్రోలు త్వరగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి కంటికి కనపడదు. గాలికన్నా బరువైనది. పైకి పోదు. నేల మీదనే పాకుతుంది. ఎక్కడో దూరాన నిప్పురవ్వ తగిలినా అంటుకుంటుంది. మంట పాకుతూ పంపు దాకా రాగలదు. డీజిలుకు ఆవిరి తక్కువ. కానీ ఒకే బంకులో రెండూ ఉంటాయి. మనం డీజిలు కొట్టిస్తుంటే పక్కన ఇంకొకరు పెట్రోలు కొట్టిస్తుంటారు.

అందుకే బంకులో ఇంజను ఆపాలి. బీడీ, సిగరెట్టు, అగ్గిపెట్టె తీయగూడదు. ఫోను మాట్లాడగూడదు. ఫోనుతో డబ్బు కట్టేవాళ్ళు పంపుకు దూరంగా జరిగి కట్టాలి. స్కూటరు మీద వచ్చినవాళ్ళు అందరూ దిగాలి. పిల్లల్ని ఎత్తుకుని పక్కకు నిలబడాలి. పెట్రోలు ఒలికితే తుడిచి, ఆరిన తరువాతే బండి తీయాలి.

కొందరు నీళ్ళ సీసాలో పెట్రోలు పట్టించి ఇంటికి తెస్తారు. పొయ్యి దగ్గరో, గూటిలోనో పెడతారు. ఇది చాలా ప్రమాదం. మంట అంటుకుంటే ఇల్లే పోతుంది. పిల్లలు నీళ్ళనుకుని తాగవచ్చు. ఒకవేళ తాగితే వాంతి చేయించగూడదు. వాంతిలో పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రాణం మీదకు వస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మానుకోవలసిన అలవాట్లు

డ్రైవర్లకు ఇంకా కొన్ని అలవాట్లు ఉంటాయి. కొందరు చివరి చుక్క దాకా బండి నడుపుతారు. డీజిలు బండికి ఇది మంచిది కాదు. డీజిలు పూర్తిగా అయిపోతే గొట్టాల్లో గాలి చేరుతుంది. తరువాత డీజిలు పోసినా బండి కదలదు. ఆ గాలి తీయాలంటే మెకానిక్కు రావాలి. శ్రీను బండికి జరిగింది ఇదే.

కొందరు ట్యాంకు అంచు దాకా పోయించుకుంటారు. బండిని ఊపి ఊపి ఇంకాస్త పట్టిస్తారు. ఇది తప్పు. ఎండకు పెట్రోలు వ్యాకోచిస్తుంది. దానికి కొంత చోటు ఉండాలి. ట్యాంకు నిండగానే గన్ను తనంతట తానే ఆగుతుంది. అక్కడితో చాలు.

కొందరు తెల్లవారుజామున కొట్టిస్తే ఎక్కువ వస్తుందంటారు. చల్లగా ఉంటే పెట్రోలు చిక్కబడుతుందని వాళ్ళ నమ్మకం. బంకుల్లో పెట్రోలు నేల కింద ట్యాంకుల్లో ఉంటుంది. అక్కడ పొద్దునకూ మధ్యాహ్నానికీ వేడిలో పెద్ద తేడా ఉండదు. దాని కోసం నిద్ర పాడుచేసుకోనక్కరలేదు.

ఒక్కోసారి పెట్రోలు బండిలో డీజిలు పోస్తారు. డీజిలు బండిలో పెట్రోలు పోస్తారు. అట్లా జరిగితే ఇంజను తీయనే గూడదు. బండిని పక్కకు నెట్టి మెకానిక్కును పిలవాలి. గన్ను పెట్టకముందే "డీజిలు" అనో, "పెట్రోలు" అనో గట్టిగా చెప్పాలి.

ఇప్పుడు శ్రీను బండి బంకులోకి పోగానే ఇంజను ఆపుతున్నాడు. కిందికి దిగి మీటరు ముందు నిలబడుతున్నాడు. సంఘం పుస్తకంలో లక్ష్మమ్మ డీజిలుకు ఒక పేజీ కేటాయించింది. తేదీ, ధర, లీటర్లు, సొమ్ము రాస్తోంది. 500 రూపాయల డీజిలు మళ్ళీ రెండు రోజులు వస్తోంది. కోటమ్మ, సుభద్ర కూడా వంతులవారీగా దిగి మీటరు చదువుతున్నారు.

"సున్నాకు విలువ లేదంటారు. మనకు వంద రూపాయలు మిగిల్చింది ఆ సున్నానే గదా!" అంటుంది కోటమ్మ.

గుర్తుంచుకుందాం

1. ముందు ఆనాటి ధర చూడాలి.
2. మీటరులో సున్నా చూడాలి. మధ్యలో ఆపితే మళ్ళీ సున్నా చూడాలి.
3. చివర సొమ్ము, లీటర్లు చదవాలి. బిల్లు తీసుకోవాలి.
4. బంకులో ఇంజను ఆపాలి. నిప్పు, ఫోను వద్దు.
5. నీళ్ళ సీసాలో పెట్రోలు ఇంటికి తేగూడదు.

చెప్పండి

1. శ్రీను చేసిన తప్పులు ఏవి?
2. రమణమ్మ శ్రీనును ఎందుకు అనుమానించింది?
3. లక్ష్మమ్మ స్థానంలో మీరుంటే ఏం చేసేవారు?

లెక్క చేయండి

లీటరు 100 రూపాయలు. మీరు 300 రూపాయలు ఇచ్చారు. మీటరు 50 దగ్గర మొదలై 300 దగ్గర ఆగింది. మీకు ఎన్ని లీటర్లు వచ్చాయి? ఎంత నష్టం?