చాంఫర్ అను మాట

వడ్రంగము నేర్చుకొను విద్యార్థులకు చాంఫర్, బెవెల్ అను రెండు మాటల భేదము ముందుగా తెలియవలెను. పలకయొక్క రెండు ముఖములు కలిసికొనుచోట వాడియైన అంచు ఏర్పడును. ఆ అంచును మాత్రము చిత్రికతో ఏటవాలుగా తీసివేసినయెడల అది చాంఫర్. ఏటవాలు ఒక ముఖమునుండి ఎదుటి ముఖమువఱకు, పలక మందమంతటను సాగినయెడల అది బెవెల్.

చాంఫర్ అను పదము 16వ శతాబ్దమున ఫ్రెంచిభాషనుండి ఆంగ్లములోనికి వచ్చెను. దాని మూలము లాటినునందు కలదు. కాన్తుస్ అనుదానినుండి అంచు అను అర్థమును, ఫ్రాంగెరె అనుదానినుండి విఱుచుట అను అర్థమును వచ్చినవి. కావున చాంఫర్ అనగా విఱిచిన అంచు. ఫ్రాంగెరె సంతతి మనకు క్రొత్త కాదు. లెక్కలలోని ఫ్రాక్షనును, వైద్యులు చెప్పెడి ఫ్రాక్చరును దానినుండి పుట్టినవే. ఫ్రాక్షనును మనము భిన్నమందుము. ఆ సంస్కృతపదమునకును విఱిగినదనియే అర్థము.

చక్కగా తీర్చిన అంచును మరల విఱుచుట యెందులకు? వాడి అంచున నారకు వెనుక ఆధారము చాలదు. చిన్న దెబ్బకే పేడు లేచును. అది వ్రేలిలో దిగును, బట్టకు తగులుకొనును. పూసిన రంగు సయితము వాడి అంచున పలుచబడి, అచ్చటనే ముందుగా ఊడిపోవును. పలక కొనను నారకు అడ్డముగా చిత్రికపట్టునప్పుడు అవతలి అంచు చీలుట కలదు. అందుచేత నేర్పరియైన వడ్రంగి ఆ అంచును ముందే చాంఫరు చేసికొనును.

చేయువిధము సులభము. అంచునుండి రెండు ముఖములమీదను సమదూరమున, 3 మిల్లీమీటర్లనుకొందము, పెన్సిలుతో గీతలు గీయవలెను. మొనతో గీఱినయెడల గాటు మిగిలిపోవును. గీతలవఱకు తీసినచో 45 డిగ్రీల వాలు వచ్చును. దాని వెడల్పు సుమారు 4.2 మిల్లీమీటర్లుండును, ఎందుచేతనో రేఖాగణితము చదివినవారు చెప్పగలరు.

వడ్రంగి విఱువని అంచు ఎన్నడో ఒకనాడు తానే విఱుగును. ఎచ్చట, ఎంత విఱుగునో యెవరును చెప్పలేరు. వడ్రంగి విఱిచినది గీతవెంట విఱిగి, చిరకాలము నిలుచును. విద్యార్థులారా, మీ యింటి పీట అంచును, బల్ల అంచును మెల్లగా తడిమి చూడుడు. చాంఫరు కలదో లేదో మీ వ్రేలే చెప్పును.