స్వరనామములు – స్వరసంఖ్యలు

గచ్చిబౌలి వంటి ప్రాంతములందు కంప్యూటరుపై సంగీతము కూర్చు విద్యార్థులకు ఉపకరించునని ఈ పాఠమును వ్రాయుచున్నాము. 1983వ సంవత్సరమున వెలువడిన మిడి పద్ధతిలో స్వరములకు 0 మొదలు 127 వఱకు సంఖ్యలు గలవు. నడిమి ‘సి’ స్వరమునకు సంఖ్య 60. దీనిని యమహావారు సి3 యనియు, రోలండువారు సి4 యనియు పేర్కొందురు. సంఖ్య యొక్కటియే, పేళ్లు వేఱు.

1991 నాటి జనరల్ మిడి పట్టికలో 36వ సంఖ్య బాస్ డ్రమ్మునది. రోలండు రీతిని దాని పేరు సి2. యమహా రీతి ననుసరించు సాఫ్టువేరులో సి2 యని వ్రాసినచో 48 వెడలి, బాస్ డ్రమ్మునకు బదులు టామ్ డ్రమ్ము మ్రోగును. అప్పుడు స్వరసంఖ్యనుండి 12 తగ్గింపవలెను. భేదము 12 కానిచో డ్రమ్ సాంప్లరుయొక్క సొంత పట్టికను చూడవలెను. కావున పేరును నమ్మక, సంఖ్యనే సరిచూచుకొందము.