స్కాట్లండు కృషీవలుని గృహము – పాలేండ్లు

విక్టోరియా రాణి పరిపాలన కాలమున (1837–1901) స్కాట్లండు దేశపు రైతులలో పెక్కుమంది భూస్వాములయొద్ద భూమిని కౌలునకు గైకొని సేద్యము చేయుచుండిరి. వారి యిండ్లలో పాలేండ్ల జీవన మెట్లుండెనో, యజమానునకును సేవకునకును గల సంబంధము దేనిపై నిలిచెనో యీ వ్యాసమున తెలిసికొందము.

పాలేండ్లను కుదుర్చుకొనుటకు ప్రత్యేకముగా సంతలు జరుగుచుండెను. సంవత్సరమునకు గడువులు రెండు: మే మాసమున విట్సండే, నవంబరు మాసమున మార్టిన్మాస్. ఈశాన్యమున నున్న ఆబర్డీన్ ప్రాంతమున అవివాహితులు ఆఱేసి మాసములకు కుదురుచుండిరి. బేరము తెగినంతనే రైతు సంచకారముగా నొక నాణెమును, తఱచుగా షిల్లింగును, పాలేరు చేతిలో నుంచును. దానిని గైకొన్న పిమ్మట పత్రము లేకున్నను ఒప్పందము గట్టిదే.

దుక్కికి గుఱ్ఱములే యాధారము. ఒక్కొక్క సేద్యగాని వశమున నొక జత యుండును. సేద్యగాండ్రలో మొదటివాడు, రెండవవాడు, మూడవవాడు అను వరుస గలదు. ఉదయమున మొదటివాడు తన జతను సాలనుండి వెలికి దీసిన పిదపనే తక్కినవారు కదలవలెను. వంటయు, పాలు పితుకుటయు పనికత్తెల వంతు.

భోజనవసతులు ప్రాంతమును బట్టి మాఱుచుండెను. ఆబర్డీన్ ప్రాంతమున పాలేండ్లు రైతు వంటయింట భుజించి, గుఱ్ఱపుసాలను అంటియున్న గదిలో నిద్రించెడివారు. ఆంగస్ ప్రాంతమున బోథీ యను వేఱింట నుండి తామే వండుకొనెడివారు. అచ్చట ఒక్కొక్కనికి వారమునకు 17½ పౌనుల ఓట్సు పిండియు, దినదినము కొంత పాలును కొలిచి యిచ్చుట వాడుక. కొయ్యగిన్నెలో పిండి వేసి, ఉప్పు చేర్చి, మరుగు నీరు పోసి కలియబెట్టిన ముద్దయే నిత్యాహారము. ఆగ్నేయమున లోథియన్, బెరిక్ ప్రాంతములందు వివాహితులకు ఏడాది ఒప్పందముపై కుటీర మిచ్చి, జీతములో పెద్దభాగమును ధాన్యాదుల రూపమున ముట్టజెప్పుచుండిరి. కాని పొలము పనికి ఒక స్త్రీని గూడ ఆ పాలేరే సమకూర్పవలెనను నిర్బంధము చిరకాలము సాగెను.

కొందఱు రైతులు సేవకులను ఇంటివారివలె జూచి, కుటుంబ ప్రార్థనకు గూడ పిలుచుచుండిరి. అయినను యజమానుని దయ యొక్కటియే రక్షణ కాజాలదు. గడువు నడుమ పని విడిచిన సేవకుని చెఱసాలకు బంపుటకు 1875 వఱకు చట్టమున అవకాశ ముండెను. సేవకునకు మిగిలిన బలములు రెండు: గడువు తీఱగానే వేఱొక యింటికి బోవు స్వేచ్ఛ, పాట. ఏ యింట తిండి చాలదో, ఏ రైతు కఠినుడో పేరుపెట్టి వారు పాడెడివారు. సంతలో రైతు పాలేరును తూచినట్లే, పాటలో పాలేరు రైతును తూచెను! గేవిన్ గ్రెయిగ్ (1856–1914) అను పల్లెబడి ఉపాధ్యాయుడు 20వ శతాబ్ది ఆరంభమున ఇట్టి పాటలను శ్రద్ధతో సేకరించెను. ఆయనయు, జేమ్స్ డంకన్ అను మతబోధకుడును కూర్చిన పాటలు పిదప 8 సంపుటములుగా వెలువడినవి.

1912లో స్కాట్లండు పాలేండ్లు సంఘముగా నేర్పడిరి. వ్యవసాయపు పనివారికి కనీస వేతనములను నిర్ణయించు శాసనము 1937లో వచ్చెను.

దీనివలన మన మేమి గ్రహింపవలెను? యజమానుడు మంచివాడైనను కాకున్నను సేవకునకు న్యాయము దొరకునట్లు చేయుట చట్టము పని. ఆ న్యాయమును కొలతకు మించిన ఆదరముతో నెఱవేర్చుట గృహస్థుని పని. ఒకటి యున్నదని రెండవదానిని విడువరాదు.