గడ్డి ఉద్యోగం

చిట్టీ,

ఎమ్మెస్సీ అయ్యాక పచ్చిక మైదానాల పరిరక్షణలోకి వస్తానని రాశావు. మీ అమ్మేమో నాకు ఫోన్ చేసి, “అక్కా, నువ్వే ఎలాగైనా మాన్పించు” అంది. మాన్పించను. కానీ ఇందులో ప్రోగ్రాం మేనేజరు పని ఎలా ఉంటుందో దాచకుండా చెప్తాను.

పిట్టల్ని చూసే రోజులు తక్కువే. బడ్జెట్లు, నిధులు ఖర్చుపెట్టినట్టు ఇచ్చే యూసీలు, మూడు నెలలకోసారి రిపోర్టులు, ఫారెస్టు వాళ్ల పర్మిషన్లు, ఫీల్డు కుర్రాళ్ల తగవులు, వీటితోనే పొద్దు గడుస్తుంది. నిధులిచ్చేవాళ్లు మొట్టమొదట అడిగేది, “ఎన్ని మొక్కలు నాటారు?” అని. గడ్డి నేలలో మొక్కలు నాటనివ్వకపోవడమే మన పని అని వాళ్లకు నచ్చజెప్పాలి. ఎండాకాలం చూస్తే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది మరి. బంజరు లెక్కలో పడిందంటే ఒకరు తుమ్మ నాటుతారు, ఇంకొకరు సోలార్ పలకలు పరుస్తారు. నీడ లేని బల్లపరుపు నేల సోలార్ వాళ్లకీ కావాలి, బట్టమేక పిట్టకీ కావాలి. సోలార్ చెడ్డదని అనలేం కదా, అందుకే ఆ వాదన అంత కష్టం.

దరఖాస్తులు పెట్టేముందు రోళ్లపాడు కథ బాగా చదువు. కర్నూలు సీమలో బట్టమేక కోసమని 1988లో అభయారణ్యం చేశారు. విస్తీర్ణం 6 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. ఆ పిట్ట కంచె లోపలే ఉంటుందా? చుట్టూ ఉన్న మెట్టచేలల్లోకీ మేతకు పోయేది. తర్వాత కాలువ నీళ్లొచ్చాయి, పంటలు మారాయి. లోపల కృష్ణజింకలు పెరిగి రైతుల చేలమీద పడ్డాయి, అభయారణ్యం ఊళ్లకు కంటగింపయింది. అసలే బట్టమేక ఏడాదికి పెట్టేది సాధారణంగా ఒకటే గుడ్డు, అదీ నేలమీద. ఇప్పుడు దేశం మొత్తం మీద 150కి లోపే ఉంటాయని అంచనా, వాటిలో ఎక్కువ జైసల్మేరు వైపే. రోళ్లపాడు వెళ్లినవాళ్లకు కనిపించేవి జింకలే. అందుకే జువాలజీ ఒక్కటే చాలదంటాను. ఏ ఊళ్లో ఏ పంట వేస్తున్నారు, నీళ్లెటు మళ్లుతున్నాయి, ఎవరికి ఎందుకు కోపం, ఇవన్నీ నీకు తెలిసి ఉండాలి.

గొర్రెల కాపరుల దగ్గర కూర్చో. ఏ గడ్డి ఎప్పుడు ముదురుతుందో, ఏది జీవాలు ముట్టవో వాళ్లకు నోటికొచ్చు. అలాగని వాళ్లను దేవుళ్లను చేయకు. సర్కారు తుమ్మ కాయలు తిని, పెంటికల్లో ఆ విత్తనాల్ని మైదానమంతా చల్లేది ఆ మందలే. మేత పూర్తిగా ఆపినా గడ్డి చెడుతుంది, విచ్చలవిడిగా వదిలినా చెడుతుంది. ఎంత మేపాలన్నది ఊరూరా కూర్చుని తేల్చుకోవాల్సిందే. నాకు ఈ పనిలో బాగా ఇష్టమైంది ఆ బేరసారాలే, పిట్టలకంటే కూడా.

పిట్టల్లో అయితే పిల్లిగద్దలు. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చి, పొద్దుగూకే వేళ గుంపుగా గడ్డిలోకి దిగి నేలమీదే పడుకుంటాయి. మిడతల్ని తెగ తింటాయి. ఈ మాట రైతులతో చెప్పు, నీ రిపోర్టు కంటే బాగా పనిచేస్తుంది.

జీతం సంగతి అడిగావు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే జీతం. రెండు ప్రాజెక్టుల మధ్య కొన్ని నెలలు ఖాళీగా ఉండాల్సి రావచ్చు, ఆ మేరకు బ్యాంకులో డబ్బు దాచుకో. ఎక్సెల్ ఎలాగూ వచ్చు నీకు. ఈ సెలవుల్లో జీపు నడపడం నేర్చుకో. మీ అమ్మకు నేను చెప్తాలే.

మీ పెద్దమ్మ