పిల్లల్లో వర్గీకరణ భావన: పియాజే ప్రయోగం

టెట్, డీఎస్సీ శిశు వికాసం విభాగంలో తరచూ కనిపించే అంశమిది. స్విట్జర్లాండ్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జీన్ పియాజే (1896-1980) దీనిపై విస్తృతంగా పరిశోధించారు.

ప్రయోగం: పిల్లల ముందు చెక్కపూసలు ఉంచుతారు. వాటిలో ఎక్కువ గోధుమరంగువి, కొన్ని తెల్లవి. ‘గోధుమరంగు పూసలు ఎక్కువా, చెక్కపూసలు ఎక్కువా?’ అని అడుగుతారు. అయిదేళ్ల పిల్లలు సాధారణంగా ‘గోధుమరంగువే’ అంటారు. అన్నీ చెక్కవేనని తెలిసినా, మొత్తాన్ని, అందులోని భాగాన్ని ఒకేసారి పోల్చలేకపోవడమే కారణం.

దశలవారీగా:
• పూర్వ ప్రచాలక దశ (2-7 ఏళ్లు): ఒక్క లక్షణంపైనే దృష్టి నిలుస్తుంది. దీన్నే ఏకమితి అంటారు.
• మూర్త ప్రచాలక దశ (7-11 ఏళ్లు): వర్గం, ఉపవర్గం సంబంధం అర్థమవుతుంది. వస్తువులను రంగు, ఆకారం రెండింటి ప్రకారం వర్గీకరించగలరు.
• అమూర్త ప్రచాలక దశ (11 ఏళ్ల తర్వాత): కంటికి కనిపించని భావనలపైనా తర్కించగలరు.

గుర్తుంచుకోండి: పియాజే చెప్పిన మరో రెండు భావనలూ వర్గీకరణకు సంబంధించినవే. కుక్క మాత్రమే తెలిసిన పిల్లవాడు మేకను చూసి ‘కుక్క’ అనడం సాంశీకరణం. తేడా గ్రహించి ‘మేక’ అనే కొత్త వర్గాన్ని ఏర్పరచుకోవడం అనుగుణ్యం. ఈ రెండింటినీ తారుమారు చేసి ఐచ్ఛికాలు ఇస్తుంటారు కాబట్టి ఉదాహరణతో సహా చదవండి. రేపు తరగతి గదిలో పిల్లవాడి తప్పు జవాబు వెనకున్న ఆలోచనను పట్టుకోవడానికీ ఇదే అక్కరకొస్తుంది.