అర్థార్జనము - లోకహితము

పురుషార్థములు నాలుగింటిలో అర్థమునకు రెండవ స్థానము. పెద్దలు దానిని ధర్మమునకు తరువాత, కామమునకు ముందు నిలిపిరి. అనగా ధనార్జనము నింద్యము కాదు. దానికి ముందు నడువవలసినది వేరొకటి కలదని భావము. ఈ మాట పురాణ కాలక్షేపములలో తరచుగా వినబడునదే. అయితే అంగడిలోనో, కర్మాగారములోనో, వైద్యశాలలోనో కూర్చుండి జమాఖర్చులు చూచుకొను యజమానికి అది ఆచరణలో ఎట్లు పొసగును? ధర్మమని అన్నియు ఉచితముగా పంచిపెట్టినచో మూలధనమే కరగిపోవును. లాభమే పరమార్థ మనుకొన్నచో పేదవాడు వాకిటనే నిలిచిపోవును. ఈ చిక్కుముడిని ముప్పది సంవత్సరములపాటు ఓపికగా విప్పి చూపిన వారొకరు మదురై నగరమున ఉండిరి. ఆయన వర్తకుడు కాడు, కంటివైద్యుడు.

గోవిందప్ప వెంకటస్వామిగారు 1918వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన, నేటి తమిళనాడు దక్షిణ భాగమందలి వడమలాపురమను పల్లెలో వ్యవసాయ కుటుంబమున జన్మించిరి. బంధువులలోని యువతులు కొందరు ప్రసవ సమయమున మరణించుట బాల్యముననే చూచి, ప్రసూతి వైద్యుడు కావలెనని సంకల్పించుకొనిరి. 1944లో మద్రాసున వైద్యపట్టభద్రులై సైన్యమున చేరిరి. ఇంతలో కీళ్లవాతము దాపురించి ఆయనను మంచమున పడవైచినది. వ్రేళ్లు వంకరలు తిరిగినవి. కలము పట్టుటయే కష్టమైనది. ప్రసూతి వైద్యము ఇక సాగదని తేలిన పిమ్మట నేత్రవైద్యము నభ్యసించి, ఆ వంకర వ్రేళ్లకే శస్త్రము పట్టుట నేర్పుకొనిరి. జీవితకాలమున ఆ చేతులతోనే లక్షకు పైగా శస్త్రచికిత్సలు చేసిరి. 1973లో భారత ప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది.

1976లో ప్రభుత్వోద్యోగము నుండి విరమించిన వారికి విశ్రాంతి సహజము. ఆయన మాత్రము అద్దె ఇంటిలో 11 పడకలతో కంటి ఆసుపత్రి నారంభించిరి. తాము శ్రీ అరవిందుల భక్తులగుటచే దానికి ఆ మహనీయుని పేరే పెట్టుకొనిరి. చెల్లెలు డాక్టర్ నాచ్చియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి శస్త్రచికిత్సల యందును, తమ్ముడు శ్రీనివాసన్ కట్టడముల యందును, లెక్కల యందును తోడు నిలిచిరి. ఇల్లు తాకట్టుకు వెళ్లినది. ఇంటి ఆడువారి నగలును వెళ్లినవి. చేతికి వచ్చిన కొలది సొమ్ముతో ఒక్కొక్క అంతస్తుగా భవనము లేచినది.

ఇంద్రియములలో నేత్రము ప్రధాన మందురు. శుక్లము కమ్మిన వృద్ధుడు ఎన్నో ఆమడలు ప్రయాణము చేసి, కొండ నెక్కి, సన్నిధిలో నిలిచియు దీపముల మసక వెలుగు తప్ప మరేమియు కానక చేతులు జోడించి వెనుదిరుగుట యాత్రికు లెరుగనిది కాదు. ఇంటివద్ద అతని చేయి పట్టి నడిపించుటకు మనుమడో మనుమరాలో బడి మానవలసి వచ్చును. ఇంతటి కష్టమునకు చికిత్స కొద్ది నిమిషముల శస్త్రకర్మయే. ఆ కొద్ది నిమిషములు పేదవానికి అందకపోవుటయే వెంకటస్వామిగారిని నిదుర పోనీయలేదు.

చందాల పైనను, దాతల పైనను ఆధారపడి నడచు ధర్మసంస్థ దాత మనసు మారిననాడు మూతపడును. కనుక ఆయన ఎన్నుకొన్న దారి వేరు. ఆసుపత్రికి రెండు ద్వారములు. ఇవ్వగలవారు ఒక ద్వారమున వత్తురు; ఇవ్వలేనివారు ఉచితముగనో, మిక్కిలి స్వల్పమైన రుసుముతోనో వేరొక ద్వారమున వత్తురు. నీ ఆదాయమెంత, కాగితము చూపుమని అడుగువారుండరు. ఏ వాకిట ప్రవేశింపవలెనో రోగియే నిర్ణయించుకొనును. కలిగియుండియు లేదని వచ్చువాడు ఒకడుండవచ్చును. వానిని పట్టుకొనుటకై నిజమైన పేదవానిని ప్రశ్నలతో అవమానించుట కంటె, ఆ స్వల్పనష్టమును భరించుటయే మేలు కదా! రుసుము చెల్లించిన వానికి గదిలోను, పడకలోను, సౌకర్యములలోను భేదముండును గాని, కంటికి జరుగు చికిత్సలో భేదముండదు. వైద్యులును వంతులవారీగా ఇరుప్రక్కల పనిచేయుదురు. ఈ విధముగా రుసుము చెల్లించినవారి వలన మిగిలిన సొమ్మే తక్కినవారి ఖర్చును భరించినది. అచట జరుగు శస్త్రచికిత్సలలో సగము లేక అంతకు మించి ఉచితముగనో, తగ్గింపు రుసుముతోనో జరుగుచు వచ్చినవి.

ఉచితమనిన మాత్రమున పేదవాడు వచ్చునా? రాలేదు. మొదటి శిబిరములలోనే ఈ సంగతి తెలిసిపోయినది. బస్సు ఛార్జీ ఎవరిత్తురు? తోడు వచ్చిన కొడుకు కూలి పోవును. తిండి సంగతి యేమి? అందుచే పల్లెనుండి తీసుకొని వచ్చుట, భోజనము పెట్టుట, తిరిగి దింపుట కూడ చికిత్సలో భాగములైనవి.

ఇంత ఖర్చు పెరిగియు రుసుము పెంచకుండ మిగులు ఎట్లు వచ్చినది? ఇందలి కిటుకు వెంకటస్వామిగారు అమెరికాలో చూచినారు. మెక్‌డొనాల్డ్స్ అను అల్పాహారశాలలలో, ఏ ఊరికి వెళ్లినను అదే వస్తువు, అదే రుచి, అదే వేగము. అమ్ముడగు పదార్థము మన సంప్రదాయమునకు సరిపడనిదే. కాని మంచి పద్ధతి ఎచట దొరకినను గ్రహింప వెనుదీయనివారు విజ్ఞులు. శస్త్రచికిత్స గదిలో రెండు బల్లలు ప్రక్కప్రక్కన ఉంచబడినవి. వైద్యుడు ఒక రోగికి చికిత్స ముగించునప్పటికి రెండవ బల్లపై మరియొకరు సిద్ధము. వైద్యుడు చేయనవసరము లేని ప్రతి పనిని, పల్లెల నుండి వచ్చి శిక్షణ పొందిన యువతులు చేయుదురు. ఆ విధమున ఒక్కొక్క శస్త్రవైద్యుడు ఏడాదికి సుమారు 2000 శస్త్రచికిత్సలు చేయగలిగినాడు. దీనిలో శ్రమ తక్కువ కాదు. ఇతరచోట్ల హెచ్చు జీతము దొరకునని వెళ్లిపోయిన యువవైద్యులును గలరు. ఆ లోటును ఏటేట క్రొత్తవారికి శిక్షణ నిచ్చి పూరించుకొనవలసినదే.

అన్నిటికంటె గట్టి పరీక్ష కంటిలో అమర్చు కటకము విషయమున ఎదురైనది. పూర్వము శుక్లము తీసివేసిన పిదప దళసరి అద్దముల కళ్లజోడు తప్పనిసరి. అది పగిలినచో మరల గ్రుడ్డితనమే. కంటిలోపలనే అమర్చు కటకము వచ్చిన తరువాత ఆ బాధ తీరినది గాని, విదేశములనుండి తెప్పించు కటకము ఒక్కొక్కటి 100 డాలర్ల చుట్టుప్రక్కల ఉండెను. పేదలకు పాత పద్ధతియే చాలునని నాటి నిపుణులలో పలువురి మతము. ధనికునికి ఒక చూపు, పేదవానికి ఒక చూపా? వెంకటస్వామిగారు దాని కంగీకరింపలేదు. డేవిడ్ గ్రీన్ అను అమెరికా మిత్రుని సహాయముతో 1992లో ఆరోల్యాబ్ అను కర్మాగారము మదురైలో వెలసినది. అచట తయారైన కటకము వెల సుమారు 10 డాలర్లకు దిగినది. తరువాత ఇంకను తగ్గినది. నూరుకు పైగా దేశములకు అవి ఎగుమతి అయినవి. నాణ్యమైన వస్తువును తక్కువ వెలకు అమ్మి, ఆ కర్మాగారమును నష్టము లేకుండ నడచినది. వెల నిర్ణయించునపుడు ‘కొనువాడు ఎంత ఇయ్యగలడు’ అని వారు మొదట అడిగిరి. ‘ఎంత రాబట్టవచ్చును’ అని అడిగినచో కథ వేరుగా నుండెడిది.

వ్యాపారి తన కిటుకును ఇతరులకు చెప్పడు. ఇచట అదియు జరిగినది. అదే 1992లో స్థాపించిన శిక్షణాలయమున తమ పద్ధతులను, లెక్కలను, పొరపాట్లను కూడ ఇతర ఆసుపత్రుల వారికి బోధింప నారంభించిరి. గురువు రహస్యముగా నుపదేశించిన మంత్రమును శ్రీ రామానుజులవారు తిరుక్కోట్టియూరు గోపుర మెక్కి అందరికి వినిపించిరని సంప్రదాయము చెప్పును. ఆ క్షేత్రము మదురైకి దూరము కాదు.

వెంకటస్వామిగారు 2006వ సంవత్సరము జులై 7వ తేదీన పరమపదించిరి. తరువాతి తరమువారు ఆ పనిని విడువలేదు. 2019లో తిరుపతిలోను ఆ సంస్థ ఆసుపత్రి వెలసినది. కొండపై దర్శనమునకు వచ్చు వృద్ధులకు అది దారిలోనే ఉన్నది. అచటను వాకిళ్లు రెండే, ఎంచుకొనువాడు రోగియే.