అరకిలో చేపకి ఏ దారం?

చి. బుజ్జికి,

స్వీడన్‌లోని వెస్టెరోస్‌లో ఇల్లు సర్దుకున్నారనీ, పిల్లకి డే కేర్ దొరికిందనీ మీ అమ్మ చెప్పింది. సంతోషం. నువ్వు పంపిన ఫొటో కూడా చూశాను. రెండు నుంచి పది గ్రాముల ఎరలకి సరిపోయే రాడ్డు, 2000 సైజు రీలు. పెర్చ్ చేపకి అంతకంటే అక్కర్లేదు. పేచీ అల్లా ఆ రీలు మీద ఉన్న దారంతోనే. రీలుతో పాటు ఊరికే చుట్టి ఇచ్చే నైలాన్ తీగ అది. 0.30 మిల్లీమీటర్లు ఉంటుంది. తీసి పక్కన పెట్టు. ఎందుకో ఫోన్‌లో చెబితే అంకెలన్నీ కలగాపులగం చేసుకుని దుకాణంలోంచి మళ్లీ నాకే ఫోన్ చేస్తావు. అందుకని రాస్తున్నాను.

మన కాలవ గట్టున చేపలు పట్టడం వేరు. వెదురు గెడ, బెండు, వానపాము. బెండు బుడుంగున మునిగితే లాగడమే. అక్కడ దారానికి ఒకటే పని, తెగకుండా ఉండటం. ఇక్కడ నువ్వు విసిరేది ఐదు గ్రాముల గుండు, దానికి తొడిగిన వేలెడంత రబ్బరు చేపపిల్ల. బెండు లేదు, వాసన చూసి చేప వచ్చే ఎర కాదు. అంత తేలికైనది దూరం పోవాలంటే దారం పోనివ్వాలి. నీళ్ల అడుగున ఏం జరుగుతోందో తెలియాలన్నా దారమే చెప్పాలి. చేపని ఆపడం మూడో పని, అన్నిటికంటే సులువైంది. నీకు పడే పెర్చ్ చాలావరకు పావుకిలో, అరకిలో ఉంటాయి. కిలో దాటిందంటే ఆఫీసంతా ఫొటో చూపించుకోవచ్చు. దుకాణంలో మాత్రం డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఆ మూడో పని గురించే అచ్చేస్తారు, ఇన్ని కిలోలు ఆపుతుందని. అది చూడకు. మందం చూడు.

నైలాన్‌ని నేను తీసిపారెయ్యను. 1938లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ దాన్ని బయటపెట్టాక ప్రపంచంలో గాలాలు వేసే వాళ్లంతా పట్టు దారాలు మానేసి దానికే మారిపోయారు. చవక, ముడి బాగా పట్టుకుంటుంది, మొరటుగా వాడినా ఓర్చుకుంటుంది. కానీ సాగుతుంది. తెగేదాకా లాగితే తన పొడవులో ఐదో వంతు దాకా సాగే రకాలున్నాయి. నీళ్లు పీల్చుకుని ఇంకాస్త మెత్తబడుతుంది. పాతిక మీటర్ల అవతల పెర్చ్ నీ ఎరని నోట్లోకి లాక్కుని ఉమ్మేసే లోపల ఆ కబురు నీ దాకా రాదు, దారిలోనే ఇంకిపోతుంది. పైగా 0.30 తీగ రీలు మీంచి స్ప్రింగులా చుట్టలు చుట్టలుగా వస్తుంది. ఐదు గ్రాముల గుండు ఆ చుట్టల్ని విప్పుకుంటూ ఎంత దూరమని పోతుంది పాపం.

నీకు కావలసింది బ్రెయిడ్, అంటే జడలా అల్లిన దారం. డైనీమా అనే పేరు డబ్బాల మీద చూస్తావు. అది పాలిథీనే, కాకపోతే దాని అణువుల గొలుసులు చాలా పొడవు, అన్నీ ఒకే దిక్కుకి సాగదీసి ఉంటాయి. అందుకే అంత సన్నంగా ఉండి అంత బలం. సాగడం నూటికి మూడు నాలుగు వంతులే. ఎర రాయికి తగిలిందా, నాచులోంచి వస్తోందా, మెత్తటి బురదలో దిగిందా అన్నది చూపుడువేలికి తెలిసిపోతుంది. మొదటిసారి వాడినప్పుడు ఇంతకాలం చెవుల్లో దూది పెట్టుకుని తిరిగామా అనిపిస్తుంది.

ఎంత మందం కొనాలన్నది అసలు ప్రశ్న. ఇక్కడి కుర్రాళ్లు 0.06 అంటారు. నా మాట వేరు. యూరప్ డబ్బాల మీద వేసే బ్రెయిడ్ మందాలు చాలావాటికి నమ్మకం లేదు. 0.06 అని రాసినది కొలిస్తే దానికి రెట్టింపు తేలడం మామూలే. జపాన్ వాళ్ల లెక్క మేలు. పీఈ అని రాసి పక్కన అంకె వేస్తారు. పీఈ 1 అంటే 0.165 మిల్లీమీటర్లు, పీఈ 0.4 అంటే 0.10కి కాస్త పైన, పీఈ 0.6 అంటే 0.128. నువ్వు పీఈ 0.6 తీసుకో. 0.4 ఇంకో నాలుగు మీటర్లు దూరం పోతుంది, కాదనను. కానీ అక్టోబరు గాలిలో, మొద్దుబారిన వేళ్లతో, చిక్కుపడ్డ 0.4 దారాన్ని విప్పడం కొత్తవాడి వల్ల కాదు. కత్తెర తీసుకుని కోసెయ్యడమే గతి. మెలారెన్ సరస్సు అడుగున రాళ్ల మీద జీబ్రా ఆల్చిప్పలు అంటుకుని ఉంటాయి, వాటి అంచులు బ్లేడులా కోస్తాయి. మరీ సన్న దారం ఒక్క రాపిడికే పోతుంది. నాలుగు పాయల అల్లికా ఎనిమిది పాయలదా అని దుకాణంలో అడుగుతారు. ఎనిమిది పాయలది నున్నగా, చప్పుడు లేకుండా పోతుంది. నాలుగు పాయలది కాస్త గరుకు, కానీ ఒక్కో పాయ లావు కాబట్టి రాపిడిని ఎక్కువ ఓర్చుకుంటుంది, చవక కూడా. ఈ ఏడాదికి నాలుగు పాయలదే చాలు.

రంగు మాత్రం నిమ్మపండు పసుపు. చేపకి కనిపిస్తుందని భయపడకు, కనిపించాల్సింది నీకు. పెర్చ్ ఎక్కువగా ఎర కిందికి జారుతున్నప్పుడే పట్టుకుంటుంది. విసిరాక ఎర అడుగుకి దిగేదాకా నీళ్ల మీద దారాన్ని చూస్తూ మనసులో లెక్కపెట్టు. ఆరు దాకా లెక్కపెడితే అడుగు తగులుతుంది అనుకో, నాలుగు దగ్గరే దారం ఒదులైపోయి ఆగిపోయిందంటే నేల అంత పైకి రాలేదు కదా, మధ్యలో ఎవరో అందుకున్నారన్నమాట. ఒక్కోసారి దారం పక్కకి చిన్నగా ఉలిక్కిపడుతుంది. చేతికి ఏమీ తెలియకముందే కంటికి తెలుస్తుంది. బూడిదరంగు దారంతో ఆ రెండూ పోతాయి. ఒక ఇబ్బంది ఉంది. బ్రెయిడ్ నీటికంటే తేలిక, పైన తేలుతుంది, గాలికి విల్లులా వంగిపోతుంది. గాలి ఉన్నరోజు రాడ్డు కొన నీళ్లకి ఆనేంత కిందికి దించి పట్టుకో, గుండు రెండు గ్రాములు పెంచు.

బ్రెయిడ్‌ని నేరుగా ఎరకి కట్టకు. మధ్యలో మీటరు, మీటరున్నర ఫ్లోరోకార్బన్ ముక్క ఉండాలి. జపాన్‌లో కురేహా కంపెనీ 1971లో మొదట ఈ రకం తీగని సముద్రపు గాలాల కోసం తెచ్చింది. నీళ్లలో అస్సలు కనిపించదని అమ్ముతారు. నీటి వక్రీభవన గుణకం 1.33, దీనిది 1.42, నైలాన్‌ది అంతకంటే ఎక్కువ. కాబట్టి నైలాన్ కంటే తక్కువ కనిపిస్తుందనడం నిజం, కనిపించదనడం వ్యాపారం. నేను వాడేది అందుకు కాదు. ఇది గట్టిది, రాళ్ల రాపిడికి నిలుస్తుంది, నీళ్లు పీల్చదు. కాస్త బిరుసుగా ఉంటుంది కాబట్టి విసిరినప్పుడు కొక్కేనికి మెలేసుకోదు. 0.22 మందం కొను. ఇది మూడున్నర, నాలుగు కిలోల దగ్గర తెగుతుంది, బ్రెయిడ్ అంతకంటే బలంగా ఉంటుంది. అది మనకి కావలసిందే. ఎర చెట్టు వేరులో ఇరుక్కున్నప్పుడు ఎర దగ్గరి ముడే తెగుతుంది, యాభై మీటర్ల పసుపు దారం సరస్సులో మిగలదు. ఇరుక్కున్నప్పుడు బ్రెయిడ్‌ని చేతికి చుట్టుకుని లాగావంటే వేలు కోసుకుపోతుంది. ఓ పుల్లకి చుట్టి లాగు. రీలు మొత్తం ఫ్లోరోకార్బన్ చుట్టమని ఎవరైనా చెబితే వినకు. బరువు, బిరుసు, ఖరీదు, ఇన్నీ కలిపి తేలిక ఎరలకి పనికిరాదు.

రెండిటినీ కలపడానికి డబుల్ యూని ముడి నేర్చుకో. ఎఫ్‌జీ అని ఇంకోటుంది, సన్నగా ఉండి రాడ్డు రింగుల్లోంచి చప్పుడు లేకుండా పోతుంది, దానికి ఓపికా వెచ్చటి గదీ కావాలి, చలికాలంలో చూద్దాం. ఏ ముడైనా బిగించే ముందు నోట్లో పెట్టి తడుపు. పొడిగా లాగితే రాపిడి వేడికి ఫ్లోరోకార్బన్ పైపొర కమిలి తెల్లబడుతుంది, ఆ తెల్లటి చోటే తర్వాత తెగుతుంది. బ్రెయిడ్ వైపు చుట్లు ఎక్కువ వెయ్యి, ఎనిమిదికి తగ్గకుండా. అది నున్నటిది, తక్కువ చుట్లయితే జారిపోతుంది. బిగించాక రెండు చేతులా గట్టిగా గుంజి చూడు. తెగేదేదో ఒడ్డునే తెగాలి.

ఇప్పుడు పైక్ సంగతి. యెడ్డా అంటారు ఇక్కడ. పెర్చ్ ఉన్న రెల్లు పక్కనే అదీ ఉంటుంది, నీ చిన్న రబ్బరు చేపని అదీ మింగుతుంది. దాని పళ్లకి 0.22 ఓ లెక్క కాదు. దారం పోవడం నీకు నష్టం, కానీ నోట్లో కొక్కెంతో పోయేది ఆ చేప. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. రెల్లు దగ్గరా, లోతు తక్కువ చోట్లా, కొన దగ్గర జానెడు సన్న స్టీలు తీగో టైటానియం తీగో కట్టు. పెర్చ్ కాట్లు కొన్ని తగ్గుతాయేమో, తగ్గనీ. 0.35 ఫ్లోరోకార్బన్ సరిపోతుందని చెప్పేవాళ్లున్నారు. అది ఒక్కోసారి ఆపుతుంది, ఒక్కోసారి ఆపదు. పైక్ మీద నమ్మకంతో దారం ఎంచుకోకూడదు.

చుట్టేటప్పుడు ఒక సంగతి. ఒట్టి అల్యూమినియం స్పూలు మీద బ్రెయిడ్ పట్టు దొరక్క మొత్తం గిర్రున తిరిగిపోతుంది. అడుగున కొంచెం నైలాన్ చుట్టి దాని మీద బ్రెయిడ్ కట్టు. నువ్వు తీసేసే 0.30 తీగ అందుకు పనికొస్తుంది. నూట యాభై మీటర్ల బ్రెయిడ్ చాలు. స్పూలు అంచుకి రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఆపు, తడిపిన గుడ్డతో దారాన్ని నొక్కిపట్టి బిగువుగా చుట్టు. ఒదులుగా చుట్టిన దారమే ఆ తర్వాత ఉండలు ఉండలుగా బయటికొస్తుంది. విసిరిన ప్రతిసారీ బెయిల్ తీగని హ్యాండిల్ తిప్పి కాదు, చేత్తో మూసి, ఒదులు లాగేసుకుని అప్పుడు తిప్పు. సగం చిక్కులు అక్కడే తీరిపోతాయి.

బ్రెయిడ్ సాగదు కాబట్టి డ్రాగ్, అంటే లాగినప్పుడు రీలు దారం వదిలే బిగువు, ఒదులుగా ఉంచాలి. పెర్చ్ పెదవుల పక్క చర్మం కాగితం లాంటిది, గట్టిగా లాగితే కొక్కెం చింపుకుని వచ్చేస్తుంది. నైలాన్ ఆ లాగుడిని తానే మింగేది. ఇప్పుడా పని రాడ్డూ డ్రాగూ చెయ్యాలి. చేత్తో దారం లాగితే ఇబ్బంది లేకుండా రావాలి, అంత చాలు. కాటు తెలియగానే కాలవ గట్టున లాగినట్టు విదిలించకు, మణికట్టుతో ఓ చిన్న ఎత్తు.

నవంబరు చివర్లో రింగుల్లో మంచు కడుతుంది. బ్రెయిడ్ పాయల మధ్య నీళ్లు మోసుకొస్తుంది, అవి రింగులో గడ్డకడతాయి. అప్పుడు రాడ్డు కొనని నీళ్లలో ముంచి కరిగించుకోవాలి. అలాంటి రోజులకి ఇంకో స్పూలు మీద 0.18 నైలాన్ చుట్టి పెట్టుకో. చెప్పాను కదా, దాన్ని నేను తీసిపారెయ్యనని.

లైసెన్సు గురించి అడిగావు. మెలారెన్‌లోనూ, ఇంకా వెనర్న్, వెటర్న్, యెల్మారెన్, స్టూర్‌షోన్ సరస్సుల్లోనూ, తీరం పొడవునా రాడ్డుతో పట్టుకోవడానికి 1985 నుంచి డబ్బు కట్టక్కర్లేదు. చిన్న చెరువులకీ వాగులకీ మాత్రం ఫిస్కెకూర్ట్ అనే పర్మిట్ కొనాలి. స్టాక్‌హోమ్ నడిబొడ్డున రాజభవనం కింద కూడా నిలబడి వెయ్యొచ్చు. ఆ హక్కు నగరవాసులకి 1636లో క్రిస్టీనా రాణి కాలం నుంచీ ఉందని చెబుతారు.

ఇంతకీ ఏం కొనాలంటే పీఈ 0.6 పసుపు బ్రెయిడ్ ఒకటి, 0.22 ఫ్లోరోకార్బన్ చిన్న చుట్ట ఒకటి, సన్న స్టీలు తీగలు ఓ పొట్లం. ముడి వేశాక కత్తిరించిన ముక్కలు నేల మీద పారెయ్యకు, బాతుల కాళ్లకి చుట్టుకుంటాయి. జేబులో వేసుకో. వచ్చే శనివారం స్పూలు ఖాళీ చేసి తీసుకురా, ఇక్కడ కలిసి చుడదాం. దారం కొన్న రసీదు కూడా తీసుకురా. నీకు పసుపుది కాకుండా బూడిదరంగుది అంటగట్టి ఉంటే మార్పించుకోవాలి.

ఇట్లు
మీ బాబాయి